నిరుటి గుంజలు

పోయిన నెల ఒకే వారంలో ఆ ఇంటికి రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి కోర్టు నుంచి. ప్రభుత్వ ఆస్తిని ధ్వంసం చేసిన కేసులో ముద్దాయి పోయిన వాయిదాకు రాలేదనీ, ఈసారి కూడా రాకపోతే వారెంటు జారీ అవుతుందనీ అందులో ఉంది. రెండోది సరస్సు ఒడ్డున పర్ర మీద కాలిబాట వేసిన ప్రభుత్వ ఆఫీసు నుంచి. ఆ బాటకు ఆమె పేరు పెట్టబోతున్నారట. శిలాఫలకం ఆవిష్కరణకు కుటుంబ సభ్యులు తప్పక రావాలట. కోర్టు రమ్మన్న ముద్దాయి, ఆఫీసు పేరు పెట్టాలనుకున్న ఆమె ఒక్క మనిషే. చనిపోయి అప్పటికి నలభై రోజులు దాటింది.

ఆమె కూతురు నాకు ఫోన్ చేసింది.

“సార్, రెండు కాగితాలొచ్చుండాయి. ఒకదాంట్లో మా అమ్మ రాలేదని తిట్టుండారు. ఇంకోదాంట్లో మా అమ్మ గొప్పదని రాసుండారు. దేనికి ముందర జవాబు జెప్పేది?”

ఆ సాయంత్రమే ఆఫీసు ఇంజనీరు కూడా ఫోన్ చేశాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. ఫలకం మీద చెక్కించడానికి ఆమె గురించి నాలుగు వాక్యాలు కావాలన్నాడు. “మీరు రాస్తేనే బాగుంటాది సార్. మొదటి బోర్డు గూడా మీరు రాసిందే గదా,” అన్నాడు.

అవును. మొదటి బోర్డు నేను రాసిందే.

నేను గూడూరులో బడిపంతులుగా పనిచేసి రిటైరై దొరవారిసత్రంలో ఇల్లు తీసుకున్నాను. మరుసటి ఏడాది మోకాళ్ల డాక్టరు తారురోడ్డు మీద నడవొద్దన్నాడు, మెత్తటి నేల చూసుకోమన్నాడు. పులికాట్ సరస్సు నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే ఉప్పునేలను మా వైపు పర్ర అంటారు. ఆటోలో అక్కడిదాకా వెళ్లి, ఒడ్డున చెప్పులు విడిచి దిగాను. నాలుగు అడుగులు వేశానో లేదో వెనక నుంచి కేక వినబడింది.

“ఓ సార్! యాడికా పోయేది?”

పర్ర ఒడ్డునే ఒక చిన్న కాలనీ ఉంది. అక్కడి ఆడవాళ్లు పర్ర దాటి, అవతల ఇసుకదిబ్బ దగ్గర మోకాటి లోతు నీళ్లలో కూర్చుని చేతులతో రొయ్యలు, ఎండ్రకాయలు పడతారు. ఆ రోజు గుంపుకు ముందుండి కేకేసిన మనిషి ఈమె. యాభై దాటి ఉంటుంది. పొట్టిది. పాదాలు మాత్రం మగవాడి పాదాలంత వెడల్పు.

“నడవడానికి వచ్చానమ్మా. డాక్టరు మెత్తటి నేల మీద నడవమన్నాడు,” అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి అందరికీ చాటింపు వేసింది. “ఇనండే, ఈ సారుకు మెత్తటి నేల కావాలంట!” తర్వాత నాతో అంది. “మీరు నిలబడుండే చోటికి ఇంకో నాలుగడుగులు అవతల ఉండాది సార్. పోండి. దిగబడితే మోకాళ్లదేముంది, మెడ దాకా నొప్పి తెలీదు.”

ఆ రోజు నుంచి ఆమె వెనక నడిచాను. నాలుగు చలికాలాలు.

ఆమె పళ్లు బిగబట్టి మాట్లాడేది. కోపమేమో అనుకునేవాణ్ణి. నీళ్లలో రొయ్యలు పట్టేటప్పుడు రెండు చేతులూ కావాలి కాబట్టి, తాటాకు బుట్టను పళ్లతో కరుచుకుని ఉంటారు. ఊహ తెలిసినప్పటి నుంచీ అదే పని కాబట్టి, నోట్లో బుట్ట లేనప్పుడూ ఆమె మాట పళ్ల మధ్య నుంచే వచ్చేది. నవ్వినా పై పెదవి మాత్రమే లేచేది. నడుస్తూ మాట్లాడేది కాదు. మాట్లాడాలంటే ఆగేది, ఆగాలంటే కింద గట్టినేల ఉండాలి. అందువల్ల ఆమె చెప్పే విషయం ఏదైనా ముక్కలు ముక్కలుగా వచ్చేది. తన పెళ్లి గురించి మొదలుపెట్టిన కథ పూర్తి కావడానికి నాకు గుర్తున్నంతవరకు పదకొండు చోట్ల ఆగాం.

నా ముఖం ఎప్పుడైనా సరిగా చూసిందో లేదో నాకు తెలియదు. వెనక్కి తిరిగితే నా పాదాలు చూసేది. “మీ ఎడంకాలు సోమరిది సార్. కుడిదాని మీద బరువేసి తిరగతాండాది,” అని ఒకరోజు చెప్పింది. డాక్టరు ఎక్స్‌రే తీసి చెప్పిందీ అదే.

పక్షులంటే ఆమెకు పడదు. జనవరిలో ఫ్లెమింగోల కోసం, గూడబాతుల కోసం కెమెరాలు వేసుకుని జనం వచ్చేవారు. “అవి మా రొయ్యలు తినను వస్తాయి. మీరు వాటికి దణ్ణం పెట్టను వస్తారు. మధ్యలో మేం ఎవురం?” అనేది. ఒకసారి ఒకాయన ఆమెను పక్కకు జరగమన్నాడు, ఫోటోలో పడుతోందని. ఆమె జరగలేదు. “నేను జరిగితే నువ్వు ఫోటో తీసేదానికి నిలబడుండే చోటు కుంగిపోయిద్ది నాయనా. నిన్ను పట్టుకోనుండేది నా కాడ ఉండే గట్టే,” అంది. అది అబద్ధం. ఆయన మాత్రం వారగా అడుగులు వేసుకుంటూ ఒడ్డుకు పోయాడు. ఆ రోజంతా ఆమె పై పెదవి కిందికి దిగలేదు.

ఇవన్నీ చెబితే హాస్యగత్తె అనుకుంటారు. పనిలో ఆమె అంత కఠినమైన మనిషిని నేను బడిలో కూడా చూడలేదు.

పర్ర మీద బాట ఏటేటా మారుతుంది. వానలకు పైనుంచి వచ్చిన నీళ్లు, సముద్రం పోటు, రెండూ కలిసి అడుసును కదుపుతాయి. నిరుడు మనిషిని మోసిన చోటు ఈ ఏడు మోయదు. వానలు వెనకబట్టి నీళ్లు సరస్సులోకి దిగాక, కాలనీ ఆడవాళ్లు ఒక పొద్దున చూసుకుని బాట కడతారు. కట్టడమంటే గట్టినేల వెతికి, దాని పొడుగునా సర్వి గుంజలు, అంటే సరుగుడు కర్రలు, పాతడం. వెతికేది ఈమె. అంతకుముందు ఈమె అత్త.

మొదటిసారి చూసినప్పుడు నాకు అర్థం కానివి రెండు ఉన్నాయి. ఆమె ఒక గోనెసంచి నిండా తడి ఇసుక పోయించుకుని, దాన్ని నెత్తిన పెట్టుకుని అడుసులోకి దిగింది. ఊబి ఉందో లేదో చూడబోయే మనిషి తేలికగా కదా పోవాలి?

“పోయేటప్పుడు ఖాళీ బుట్ట సార్. ఖాళీ బుట్టతో ఎవుతైనా పోయిద్ది. వచ్చేటప్పుడు తడిసిన చీర, నిండు బుట్ట, రొంత అలుపు. నేల మోయాల్సింది ఆ మనిషిని,” అంది.

రెండోది, కొత్త బాట వెతకడానికి ముందే నిరుటి గుంజలన్నీ పీకించింది. ఒక్కటి లేకుండా. సగం పూట పర్ర మీద ఏ గుర్తూ లేదు. కొత్తది దొరికేదాకా పాతవి ఉంచుకుంటే మేలు కదా అన్నాను.

“నిరుటి గుంజ కంటబడితే కాలు అటే పోయిద్ది సార్. ఏం గుర్తూ లేకపోతే భయపడి నిలబడతారు. నిలబడినోళ్లు సావరు.”

పీకిన గుంజలను ఆ మధ్యాహ్నమే ఒడ్డున పొయ్యిలో పెట్టి అన్నం వండారు. అందరూ అక్కడే తిన్నారు, నాకూ పెట్టారు. ఒక్క గుంజ మిగలకూడదు. ఒకామె మేకల దొడ్డికని రెండు గుంజలు దాచుకుంటే, ఈమె వాళ్లింటికి పోయి దడిలోంచి వాటిని పెరికి, మోకాలికి వేసి విరిచింది. “నాలుగు పుల్లలకు ఇంత యాగీనా!” అని ఆ మేకలామె మొత్తుకుంది. “వరదొస్తే నీ దొడ్డి కొట్టుకుపోయిద్ది. ఈ పుల్ల పోయి యాడ నిలబడిద్దో నువ్వు జెప్తావా?” అని ఈమె అడిగింది. మేకల దొడ్డికి మర్నాడు కొత్త సర్వి కొమ్మలు తనే తెచ్చి ఇచ్చిందని తర్వాత విన్నాను.

మూడో ఏడు ఎండాకాలంలో, పక్షులు చూడవచ్చే జనానికి కాలిబాట వేస్తామని ఆఫీసువాళ్లు వచ్చారు. మే నెలలో పర్ర ఇటుకలా ఎండిపోతుంది. దాని మీద జీపు నడుపుకుంటూ పోయారు. ఆ చలికాలం ఆమె పాతిన సర్వి గుంజలు ఇంకా నిలబడి ఉన్నాయి కాబట్టి బాట వెతికే పని వాళ్లకు లేకపోయింది. ఒక్కో గుంజ పక్కన ఒక్కో సిమెంటు గుంజ పాతి, తెల్లరంగు వేసి, నంబర్లు రాశారు. ఇరవై రెండు. మొదటి గుంజ దగ్గర పెట్టే బోర్డుకు మాటలు కావాలని నా దగ్గరికి వచ్చారు. ఎవరో రాసి ఇచ్చిన కాగితం చూపించారు. ప్రకృతి మాత ఒడిలో పరవశించమని ఉంది అందులో. నేను కొట్టేశాను. అటువంటి రాత అంటే నాకు జన్మలో సరిపడలేదు. దాన్ని వెనక్కి తిప్పి రాశాను:

“సులువైన నడక. గంట పడుతుంది. పెద్దలు, పిల్లలు ఎవరైనా నడవవచ్చు. తెల్ల గుంజల వెంట వెళ్లండి.”

రాసి, గర్వపడ్డాను. ఒక్క ఎక్కువ మాట లేదు. అప్పటికి ఆ దారిన యాభైసార్లైనా నడిచి ఉంటాను, ఒక్కసారి కూడా కాలు దిగబడలేదు. యాభైసార్లూ నా ముందు ఒక మనిషి నడిచిందన్న సంగతి నేను రాయలేదు. ఆమె వెనక నడిచి నడిచి, ఆ సులువు నేలదే అనుకున్నాను. అలంకారం తీసేస్తే మిగిలేది నిజమేనని నలభై ఏళ్లు పిల్లలకు చెప్పినవాణ్ణి. ఆ బోర్డు మీద అలంకారం ఒక్కటీ లేదు. మొదటి మాటే అబద్ధం.

బోర్డు పెట్టిన రోజు ఆమె నన్ను చదివి చెప్పమంది. చదివాను.

“సులువంటే ఎవురికి సార్?”

“అందరికీ.”

“గర్భంతో ఉండే ఆడమనిషికి?”

ఆమె ఒక సిమెంటు గుంజను రెండు చేతులతో పట్టుకుని ఊపి చూసింది. “ఈటిని ఎట్టా పీకేది వానలైనాక?” అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. పీకడానికి వాళ్లేదో ఉపాయం పెట్టుకునే ఉంటారని ఆమె అనుకుంది. ఇంజనీరును అడిగి చెబుతానన్నాను.

అడిగాను. అతను ఓపికగా విన్నాడు. “సార్, ప్రతి ఏడూ పీకి పాతేదాన్ని బాట అని ఎట్టా రాస్తాం? బాటంటే ఒకచోట ఉండాల గదా. ఇవి పర్మనెంట్ మార్కర్లు,” అన్నాడు.

ఆ వానలకు తొమ్మిదో గుంజ నుంచి పదమూడో గుంజ దాకా నేల మెత్తబడింది. బాట కట్టే రోజున ఆమె ఇసుక సంచి ఎత్తుకుని, ఎప్పటిలాగే వెతికి, తొమ్మిదో గుంజ దగ్గర పడమటికి తిప్పి సర్వి గుంజలు పాతింది. సిమెంటువి పీకలేకపోయారు. పర్ర మీద మొట్టమొదటిసారి రెండు బాటలు. వచ్చినవాళ్లు సహజంగా నంబర్లున్న దాని వెంట పోయారు. సర్వి గుంజలు ఎవరో ఆడవాళ్లు చీరలారేసుకోవడానికి పాతుకున్నారనుకున్నారు.

పని మానుకుని ఆమె తొమ్మిదో గుంజ దగ్గర నిలబడింది. వచ్చినవాళ్లను ఇటు రండని కేకలేసింది. గైడుగా పెట్టుకోమని వెంటపడుతోందని జనం చిరాకుపడ్డారు. ఆఫీసు వాచ్‌మన్ రెండుసార్లు గదిమి పంపాడు. మూడో రోజు ఆమె రొయ్యలకు పోయిన సమయంలో, చెన్నై నుంచి వచ్చిన దంపతులు తెల్ల గుంజల వెంట పోయారు. పదకొండో గుంజ దగ్గర ఆ భార్య నడుం దాకా దిగబడింది. కేకలు విని ఈమె, కూతురు దిబ్బ నుంచి వచ్చారు. గోనెసంచులు పరిచి, వాటి మీద బోర్లా పడుకుని, ఆమె చంకల్లో చేతులు వేసి లాగారు. అరగంట పట్టింది. భర్త ఫోన్‌లో వీడియో తీశాడు. ఒడ్డుకు వచ్చాక భార్య చెప్పు ఒకటి పోయిందని వెతికించాడు. బాట మీద స్థానికులు చెత్త పుల్లలు పాతి తికమక చేస్తున్నారని ఆఫీసుకు ఫిర్యాదు రాసి పోయాడు. ఆ ఫిర్యాదు నేను చూశాను. సర్వి గుంజలను పీకించాలని ఆఫీసు దాని మీద నోట్ రాసింది.

మర్నాడు పొద్దున పదిగంటలకు, వాచ్‌మన్ చూస్తుండగా, ఆమె గడ్డపార తీసుకుని తొమ్మిది నుంచి పదమూడు దాకా ఐదు సిమెంటు గుంజలు పగలగొట్టింది. పారిపోలేదు. ముక్కలన్నీ మోసుకొచ్చి ఒడ్డున కుప్ప పెట్టింది. నేను వెళ్లేసరికి ఆ కుప్ప పక్కన కూర్చుని ఉంది.

“ఇవి కాలవు గదా సార్. ఏం జేయాలో తెలవడంలా,” అంది.

ఆమెను పోలీస్ స్టేషన్‌కు తీసుకుపోతే నేనూ వెళ్లాను. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆమెను నిలబెట్టారు.

“ఎందుకు పగలగొట్టినావమ్మా?” అని ఎస్సై అడిగాడు.

“నిరుటివి సార్.”

“నిరుటివైతే? మా స్టేషన్ యాభై ఏళ్ల నాటిది. దీన్ని గూడా పగలగొడతావా?”

కానిస్టేబుళ్లు నవ్వారు. ఆమె కూడా పై పెదవి లేపింది, మాట బాగానే ఉందన్నట్టు. “మీ స్టేషన్ కదలదు గదా సార్,” అంది.

ఎస్సై తన ఫోన్‌లో ఉన్న బోర్డు ఫోటో చూసి గట్టిగా చదివాడు. “ఇదో, ఎవరైనా నడవవచ్చు అని రాసుండాది. గవర్నమెంటు బోర్డు. ఇంత సులువైన దారికి నీ పుల్లలెందుకు, నీ గడ్డపార ఎందుకు?”

ఆమె నావైపు తిరిగింది. ఈసారి చూసింది నా పాదాలను కాదు. చెబుతానేమోనని చూసింది. ఆ వాక్యం నాదని, అది తప్పని, అక్కడ కూర్చున్న నేను చెప్పాలి. గోడ మీద ఉన్న మండలం పటం వైపు చూశాను. ఎస్సై నాకు టీ తెప్పించాడు. తాగాను కూడా.

కేసు పెట్టారు. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం. ఆఫీసు ఐదు గుంజలనూ అక్కడే, ఇంకాస్త లోతుగా, మళ్లీ పాతించింది.

రెండు వాయిదాల తర్వాత ఒక పొద్దున, పర్ర మధ్యలో గట్టినేల చూసుకుని ఆమె ఆగింది.

“సార్, కోర్టుకొచ్చి జెప్తారా, ఆ బోర్డు రాసింది నేనే, తప్పు రాసినా అని?”

“చూద్దామమ్మా,” అన్నాను.

బతుకులో నేను ఎన్నో మాటలు దిద్దాను, పిల్లలవీ పెద్దలవీ. ఆ మాటను ఈ రోజుకీ దిద్దుకోలేకపోతున్నాను. భయం నాకు జైలంటే కాదు, పోలీసంటే కాదు. ఇంత చదివినవాడు తప్పు రాశాడని నలుగురిలో నా నోటితో చెప్పడం ఇష్టం లేదు. అంతే. దానికి ఇంకే పేరూ పెట్టను.

చెప్పడానికి బదులు అర్జీ రాశాను. మూడు పేజీలు. “సదరు మార్గ సూచికల విషయమై తమరు సానుభూతితో పునఃపరిశీలించగలరని ప్రార్థన.” దాన్ని ఆమెకు చదివి వినిపించాను. ఆమె కాళ్లు చాపుకుని, మడమకు అంటిన అడుసు గోరుతో గీరుకుంటూ చివరిదాకా విన్నది.

“బాగుండాది సార్. ఇందులో తప్పు ఎవురిది?”

నేను కాగితం తిరగేశాను.

“ఎవురిదీ గాకుండా రాసినారే,” అంది. “అట్టా గూడా రాయొచ్చా?”

ఆశ్చర్యపడి అడిగింది. నాకు తెలిసిన విద్య ఒకటి తనకు తెలియదన్నట్టు అడిగింది. తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నాతో నడవడం మానలేదు, నా ఎడంకాలిని తిట్టడం మానలేదు. ముఖం మాడ్చుకుని ఉంటే నాకు కొంత నయంగా ఉండేది.

వాయిదా వెంబడి వాయిదా పడింది. పోయిన వానల మొదట్లో ఆమెకు జ్వరం తగిలింది. మూడో రోజున కూతురు ఆస్పత్రికి పోదామంది. మర్నాడు వాయిదా ఉందని, రాకపోతే పట్టుకుపోతారని, అది చూసుకుని పోదామని ఆమె అంది. కోర్టు వరండాలో గోడకు ఆనుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుంది. గోళ్లలో అడుసు కనబడకుండా పాదాలు చీర కిందికి లాక్కుని కూర్చుందని కూతురు చెప్పింది. సాక్ష్యం చెప్పాల్సిన ఆఫీసు మనిషి రాలేదు. మరో నెలకు వేశారు. ఆ రాత్రి నెల్లూరు ఆస్పత్రిలో చేర్చారు. రెండు రోజులు బతికింది.

ఆమెను చంపింది జ్వరం. ఆస్పత్రి కాగితంలో అదే ఉంది, నేను దాన్ని కాదనను. ఆమె ఆఖరి రోజుల్లో ఒక రోజును ఒక వరండా తినేసింది. ఆ రోజు నేను ఇంట్లో పుస్తకం చదువుకుంటున్నాను.

రెండు కాగితాలూ వచ్చిన తర్వాత ఇంజనీరు కాలనీకి వచ్చాడు. నేనూ వెళ్లాను. కూతురు ఇంటి ముందు బుట్టలోంచి నాచు ఏరుతోంది. లేవలేదు.

“అక్కా, మీ అమ్మ పేరు శాశ్వతంగా ఉండిపోతాది,” అన్నాడతను.

“యాడ?”

“మొదటి గుంజ కాడ. నల్లరాయి మీద.”

“ఆ గుంజలు?”

“అవి ఉంటాయక్కా.”

“మళ్లీ పాతిన ఐదు?”

“అవి గూడా.”

ఆమె కోర్టు కాగితం తెచ్చి అతని చేతికిచ్చింది. అతను చదివి, “ఇది వేరే డిపార్ట్‌మెంటక్కా. మాకు సంబంధం లేదు,” అన్నాడు.

“కేసు పెట్టమని రాసిచ్చింది ఎవురు?”

“మా ఆఫీసే. అప్పుడుండే సారు బదిలీ అయిపోయినాడు.”

“మా అమ్మ గూడా అయిపోయింది,” అని ఆమె మళ్లీ నాచు ఏరడంలో పడింది. తల ఎత్తకుండానే నాతో అంది. “సార్, ఆడ మా అమ్మ పేరొద్దు. ఎవురైనా ఊబిలో పడితే, ఈ పేరు నమ్మి పోయినాం అంటారు. పేరు కావాలంటే మీది రాసుకోండి. సులువని జెప్పింది మీరు గదా.”

ఇక్కడా ఆమె తల్లి పేరు రాయనిది అందుకే.

మర్నాడు ఆఫీసుకు వెళ్లి నాలుగు వాక్యాలు ఇచ్చాను. “ఈ బాట సులువైనదని లోగడ బోర్డు మీద రాసింది నేను. అది తప్పు. ఈ గుంజలు నేల కదలక ముందు పాతినవి. వీటి వెంట నడవొద్దు, కాలనీలో అడిగి వాళ్ల వెనక నడవండి.” కింద నా పేరు, ఊరు.

ఇంజనీరు రెండుసార్లు చదివాడు. “సార్, ఇది రాయి మీద చెక్కించేది కాదు.”

“అయితే కాగితం మీద రాసి అంటించు.”

“మీ పేరెందుకు సార్ అనవసరంగా.”

“నీ పేరు వేద్దామా?”

అతను నవ్వి, కాగితం ఫైలులో పెట్టుకున్నాడు. ఆవిష్కరణ వాయిదా వేశారు. గుంజలు తీయలేదు, బోర్డు తీయలేదు. కెమెరాల జనం రావడం మొదలైంది.

అవే నాలుగు వాక్యాలతో ఫ్లెక్సీ వేయించి, నా బోర్డు కనబడకుండా దాని మీద కట్టాను. సాయంత్రానికి వాచ్‌మన్ విప్పేశాడు. రెండోది కట్టాను. అదీ విప్పాడు. మూడోది కడుతుంటే వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు, తాడు ఒక కొస తనే పట్టుకున్నాడు.

“పెద్దాయనా, ఎందుకు సార్ మీకిది? ఇంకోసారి కడితే మీ మీద గూడా కేసు పెట్టమన్నారు ఆఫీసులో. ఈ వయసులో కోర్టు మెట్లు ఎక్కతారా?”

“తొందరగా పెట్టమని చెప్పు నాయనా,” అన్నాను. “అక్కడ నేను చెప్పాల్సింది ఒకటి ఉంది.”